కాలని సున్నం

డిసెంబరు 11

నా భార్య అనసూర్య మొన్న పోయింది. ఆ రోజు జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

నాలుగైదు రోజులుగా దమ్ము ఎక్కువగా ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదు కాబట్టి ముందుగదిలో చాప మీద, గోడకు తల ఆనించి కూర్చునేది. ఆ రోజూ తెల్లవారేసరికి అట్లాగే ఉంది. నేను టీ పెట్టాను. ఒక గుటక తాగి చక్కెర ఎక్కువైందన్నది. డ్యూటీకి పొమ్మన్నది. పోలేదు. కిటికీ మూయమన్నది. మూశాను. కొంచెం సేపటికి తెరవమన్నది. తెరిచాను. మందు పీల్చింది. తగ్గింది. దువ్వెన అడిగితే తెచ్చిచ్చాను. తల దువ్వుకోలేదు, ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ ఎక్కువైంది. అంబులెన్సుకు ఫోను చేశాను. తొందరగానే వచ్చింది. దారిలో నా చెయ్యి పట్టుకోలేదు, బండి కమ్మీ పట్టుకుంది. దవాఖానకు చేరేసరికి లేదు. డాక్టరు మర్యాదగా చెప్పాడు.

సాయంత్రం గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాము. హర్షిణి నస్పూర్ నుంచి వాళ్ల అత్తగారితో వచ్చింది. కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడకూడదని అందరూ అడ్డుపడ్డారు. వాకిట్లోకి కూడా రానివ్వలేదు. నా బిడ్డ రోడ్డు మీద, కారులో కూర్చుంది. అద్దం దించుకుని ఇంటివైపు చూస్తూ ఉంది.

అంతే.

డిసెంబరు 20

పోయిన నక్షత్రం మంచిది కాదట. ఇల్లు మూడు నెలలు మూయాలని పంతులు చెప్పాడు. మా అక్క సారక్క నా బట్టలు సంచిలో సర్ది గోదావరిఖనికి, తన ఇంటికి తీసుకుపోయింది.

“బీఎస్సీ చదివినవు, గివన్ని నమ్ముతవా అన్నా?” అని నర్సింగం అడిగాడు. నాతో పాటు బొగ్గుగనిలో పనిచేస్తాడు.

నమ్మను. తాళం వేశాను.

జనవరి 7

డ్యూటీ.

ఫిబ్రవరి 2

డ్యూటీ. అక్క చేసిన చారులో ఉప్పు లేదు. ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

మార్చి 10

సెంటినరీ కాలనీకి, మా ఇంటికి తిరిగి వచ్చాను. తాళం బిగుసుకుపోయింది. పక్క క్వార్టరువాళ్లను అడిగి కాస్త నూనె వేస్తే గాని తిరగలేదు.

లోపల పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, నల్లగా. కిటికీలన్నీ మూసే పోయాను. అయినా సందుల్లోంచి దూరింది. బిందె మీద వేలితో గీస్తే గీత పడింది. మంచం, దేవుడి పటాలు, అన్నం గిన్నెల లోపల కూడా బొగ్గుపొడి. గనిలో గాలిని, దుమ్మును కొలవడం నా ఉద్యోగం. ఇంట్లో కొలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అనసూర్య పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి తడిగుడ్డతో తుడిచేది. అది ఆమె పని అనుకునేవాణ్ణి. ఎంత పని అని అనుకోలేదు.

ముందుగదిలో పడమటి గోడ మీద నూనె మరక ఉంది. అరచేయంత. ఆమె తల ఆనిన చోటు.

సాయంత్రం హర్షిణి ఫోను చేసింది.

“బాపూ, ఇల్లు తెరిచినవా?”

“తెరిచిన.”

“ఎట్లున్నది?”

“దుమ్మున్నది.”

“మంచిగ కడుగు. తొమ్మిదో నెల పడంగనే నేను వస్త. తొలికాన్పు తల్లిగారింట్లనే గావాలె.”

తల్లి, అని ఏదో అనబోయాను.

“తల్లి లేకపోతె తల్లిగారిల్లు సుత లేకుంట పోతదా బాపూ? ఆ రోజు నన్ను ఇంటి కడప దాటనియ్యలే. ఇప్పుడు సుత రావద్దంటె నేనెప్పుడు రావాలె?”

తనే మళ్లీ చెప్పింది. వాళ్ల అత్తగారు సంధ్యారాణి వద్దంటోందట. ఆ కాలనీ దుమ్ములో నీ ప్రాణానికి, కడుపులో ప్రాణానికి ఎవరు పూచీ అంటోందట. హర్షిణికి తల్లి దమ్మే వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఉంది. చివరికి అత్తగారు ఒక మాటకు ఒప్పుకుందట: ఇరవై రెండో తారీఖు ఆదివారం స్వయంగా వచ్చి ఇల్లు చూస్తుంది. చూసి చెప్తుంది.

“యాసిడు గిట్ల పొయ్యకు బాపూ. ఫినాయిలు సుత వద్దు. ఆ వాసన తగిలితె సాలు, నాకు దమ్ము పట్టుకుంటంది. అమ్మ కడిగినట్టు కడుగు.”

కడుగుతానన్నాను. అనసూర్య ఎట్లా కడిగేదో నాకు తెలియదు. ఏయే వాసనలు వచ్చేవో మాత్రం తెలుసు.

మార్చి 11

సెలవు పెట్టాను. అక్క పొద్దున్నే బస్సు దిగింది. గుమ్మంలో నిలబడి ఉన్న నన్ను చూసి, “ఏంది తమ్మీ, గట్ల నిలవడ్డవు? గనిల దిగినట్టు దిగు ఇంట్లకు” అన్నది.

సంచిలోంచి యాసిడు సీసా, బ్లీచింగు పొట్లం తీసింది. వద్దన్నాను. హర్షిణి చెప్పింది చెప్పాను.

“మరి దేనితోని కడుగుతవు? కండ్లనీళ్లతోనా?”

అన్నాక తనే తల తిప్పుకుంది. సీసా, పొట్లం రెండూ మళ్లీ సంచిలో పెట్టింది.

అటక మీద కుంకుడుకాయల డబ్బా దొరికింది. పెద్ద గిన్నెలో పోసి, నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. అక్క వచ్చి మూత తీసి చూసింది.

“కొట్టి గింజ తియ్యకుంట ఉడకవెడ్తివా! ఇన్నేండ్లు అనసూర్యతోని సంసారం జేసినవా, ఆ ఇంట్ల కిరాయికున్నవా?”

గిన్నె దింపి, చల్లార్చి, ఒక్కొక్కటి రాయితో చితక్కొట్టి గింజలు తీశాను. వేళ్లు చాలాసేపు జిగటగా ఉన్నాయి. ఆమె వేళ్లు శుక్రవారాలు ఇట్లా ఉండేవి.

తడిగుడ్డకు మెత్తటి నూలుబట్ట కావాలి. అక్క బీరువాలోంచి ఆకుపచ్చ నేత చీర తీసింది. మిగతావన్నీ పదో రోజు ఇచ్చేశాము, ఇది ఎట్లా మిగిలిందో. వద్దు, వేరేది చూడమన్నాను.

“పాత చీర గాకపోతె దేనితోని తుడుస్తవు, నీ ప్యాంటుతోనా? ఆమె ఉంటె ఆమెనే చింపు. పాతది వడ్డదని రెండేండ్ల సంది చెప్పవట్టె.”

చింపింది. నేను పెరట్లోకి పోయి బకెట్లు నింపాను. నల్లా చప్పుడులో కూడా వినపడింది.

మార్చి 13

ఫ్యాన్ల రెక్కలు తుడిచాను. దిండు గలీబును రెక్కకు తొడిగి లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది, కింద పడదు. అక్క చూపించింది. అక్కకు అనసూర్య చూపించిందట.

ఇత్తడి బిందె, దీపపు సెమ్మెలు చింతపండుతో తోమాను. స్నానాల గది నేలకు ఉప్పు, నిమ్మచెక్కలు. అరిగిన నిమ్మచెక్క గోళ్ల సందుల్లో మండింది. బూడిద కోసం కాలనీలో అడిగితే నవ్వారు. అందరిళ్లలోనూ గ్యాసే. ఇస్త్రీ బండి కనకవ్వ ఒక డబ్బాడు ఇచ్చింది. బొగ్గులో పుట్టి బూడిదకు దేవులాడుతున్నవా అన్నది.

ఒక నియమం పెట్టుకున్నాను. తడి చేయకుండా దేన్నీ కదపకూడదు. గనిలోనూ ఇదే. నీళ్లు చల్లిన తరువాతే బొగ్గు ముట్టుకుంటాము. పొడిగా కదిపితే దుమ్ము లేస్తుంది, లేచిన దుమ్ము మనిషి లోపలికి పోతుంది.

పడమటి గోడ తరువాత చూడాలి.

మార్చి 15

ఇల్లు కడిగాక గోడలు ఇంకా మాసినట్టు కనపడుతున్నాయి. సున్నం వేయాలనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండుగ లేదు, ఉగాదికి సున్నం ఏమిటని. ఉగాదికి కాదు, పురిటికి అన్నాను.

“గట్లయితె ఎయ్యి. పుట్టేటోల్లకు మైల లేదు.”

షాపులో సున్నం అడిగితే రంగుల డబ్బాలు చూపించాడు. మూత తీసి వాసన చూపించి, అసలు వాసనే లేదన్నాడు. ఉంది.

నర్సింగం సాయంత్రం వచ్చాడు. సంగతి విని తొడ చరుచుకున్నాడు.

“సున్నానికి ఊరంత తిరుగుతవేందే అన్నా! గనిల బొగ్గుపొడి మీద మనం సల్లే తెల్లపొడి ఏంది? సున్నపురాయి గాదా? నా తాన సగం సంచి ఉన్నది, కోళ్లగూడు కాడ. తెల్లారి తెస్త.”

నిజమే. గనిలో నిప్పు పుడితే బొగ్గుపొడి వెంట పాకకుండా గోడలకు, నేలకు, పైకప్పుకు ఆ పొడే చల్లుతాము. లోపల అంతా తెల్లగా ఉంటుంది. ఆ పొడి మేలు రకమా కాదా అని పరీక్షించే కాగితాల మీద ఏళ్ల తరబడి సంతకం పెట్టాను. నాకు ఎందుకు తోచలేదా అనుకున్నాను.

మార్చి 16

రెండు పూతలు వేశాను. లోపలి గది, వంటగది, ముందుగది. నీళ్లలో పాలలాగా కలిసింది. చెయ్యి ఒక్కటే నొప్పి, పని మాత్రం తేలిగ్గా సాగింది.

ముందుగదిలో పడమటి గోడకు వేయలేదు. పొడి చాలలేదు.

మార్చి 17

ఇల్లు ఇంత తెల్లగా ఎన్నడూ లేదు. పట్టింది.

మిగిలిన పొడి సంచి మూతి కట్టి పెరట్లో పెట్టాను.

మార్చి 18

భుజం గోడకు తగిలింది. చొక్కా తెల్లబడింది. ఇంకా ఆరలేదు.

మార్చి 19

ఉగాది. మాకు లేదు. పక్క క్వార్టరు పిల్ల పచ్చడి గిన్నె తెచ్చి, గుమ్మం దగ్గర గుర్తుకొచ్చినట్టుంది, తిరిగి తీసుకుపోయింది.

ఎండ మండిపోతోంది. గోడ ఇంకా ఆరలేదు.

మార్చి 21

నేల రెండుసార్లు తుడిచాను. రెండుసార్లూ తెల్లనీళ్లే వచ్చాయి. గోడకు ఎవరూ తగలకుండా కుర్చీలు మధ్యకు జరిపాను. చూసేందుకు బాగానే ఉంది. వాళ్లు వచ్చేది ఒక పూటకు.

మార్చి 22

వచ్చారు. సంధ్యారాణి, హర్షిణి, అల్లుడు వీరేందర్. హర్షిణి కడుపు నిండుగా ఉంది. గుమ్మం ముందు కొంచెం సేపు ఆగింది. ఈసారి ఎవరూ అడ్డుపడలేదు. దాటింది.

సంధ్యారాణి ఒక్కొక్కటీ చూసింది. వంటగది గట్టు మీద వేలు పెట్టి గీసింది. స్నానాల గదిలో ముక్కుతో గాలి పీల్చింది.

“అబ్బ, పెండ్లిల్లు లెక్క జేసినవు అన్నా! మా ఇంట్ల ఇద్దరు ఆడోల్లం ఉండి గిట్ల లేదు.”

“పనేమున్నది చెల్లె. తడిగుడ్డనే.”

హర్షిణి ముందుగదిలో కింద కూర్చుంది. వెతుక్కోలేదు, నేరుగా పోయి ఆ గోడకే తల ఆనించింది. సరిగ్గా మరక మీద. కళ్లు మూసుకుంది. వీరేందర్ లేపబోతే సంధ్యారాణి కళ్లతోనే వద్దన్నది.

నేను టీ పెట్టడానికి వంటగదిలోకి పోయాను. అంతలో సంధ్యారాణి, “పిల్లకు ఉక్కవోస్తంది, గీ అర్రల పండుకోనీ” అని లోపలి గదిలోకి తీసుకుపోయి ఫ్యాను వేసింది. పూర్తిగా తిప్పింది.

నేను కప్పులు తీసుకొని వచ్చేసరికి గదిలో పొగమంచులాగా ఉంది. గోడల మీది తెలుపు గాలికి లేచి తిరుగుతోంది. మంచం మీద, హర్షిణి జుట్టు మీద, కనురెప్పల మీద పడుతోంది. దగ్గు మొదలైంది. నేను ఫ్యాను ఆపాను. అది ఆగేదాకా కూడా తిరుగుతూనే ఉంది. వీరేందర్ మందు పీల్పించాడు. తగ్గలేదు. మంచం కమ్మీ పట్టుకుంది.

కారులో దవాఖానకు పోయాము. మాస్కు పెట్టారు. లోపలి ప్రాణం బాగానే ఉందని చెప్పిన తరువాత గాని సంధ్యారాణి నా వైపు చూడలేదు. గట్టిగా కూడా అనలేదు.

“నల్లది కడిగి తెల్లది పూసినవా అన్నా?”

మార్చి 23

ఒక రాత్రి ఉంచుకొని పంపించారు. ఇద్దరూ బాగున్నారు. వీరేందర్ ఫోను చేసి చెప్పాడు. హర్షిణి మాట్లాడలేదు.

మార్చి 24

డ్యూటీకి పోయి వచ్చాను.

మార్చి 25

రాయక తప్పదు.

గనిలో చల్లేది సున్నపురాయి పొడి. కాల్చనిది. గోడకు వేసేది కాల్చిన సున్నం. రాయిని బట్టీలో కాలిస్తే గుల్ల అవుతుంది. గుల్లకు నీళ్లు పోస్తే ఉడికి చల్లారుతుంది. చల్లారింది గోడ మీద పూస్తే గాలి పీల్చుకొని మళ్లీ రాయి అవుతుంది. అందుకే పడుతుంది. కాలని పొడికి పట్టే గుణం లేదు. గనిలో మాకు కావలసింది కూడా అదే, పట్టకూడదు, పేలుడు గాలి తగలగానే లేచి మంటను ఆర్పాలి. లేవడం కోసమే తయారుచేసిన దుమ్మును నా బిడ్డ పడుకునే గదికి పూశాను.

పద్దెనిమిదో తారీఖు చొక్కా తెల్లబడినప్పుడే తెలిసింది. ఇంకా ఆరలేదని రాసుకున్నాను.

నర్సింగం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “నా నోరు వడిపోను అన్నా, నేనే జెప్తి” అన్నాడు. నీదేం లేదు, లోపలికి రా అన్నాను. రాలేదు. చెప్పులు విడవడానికి కూడా భయపడ్డాడు. దుమ్ము లేస్తుందని.

మార్చి 26

గోడలు తడిపాను. పైనుంచి కిందికి. తడిపి, గీకి, ముద్దగా ఎత్తి బకెట్లలో వేశాను. ఆకుపచ్చ గుడ్డలన్నీ అయిపోయాయి. అక్క వచ్చింది. తన సంచిలోంచి తన పాత చీర తీసి, తనే చింపింది.

మార్చి 27

మంథనిలో ఒక పాత దుకాణంలో గుల్లసున్నం దొరికింది. కుండలో వేసి నీళ్లు పోశాను. పొయ్యి లేకుండానే తుకతుక ఉడికింది. దగ్గర నిలబడితే ముఖానికి సెగ తగిలింది. అక్క తుమ్మబంక నానబెట్టి పోసింది. చల్లారేదాకా ముట్టుకోవద్దన్నది.

సున్నం గట్టిపడేది మనం బయటికి వదిలే గాలితో. కాలేజీలో సమీకరణం రాశాను. ఇంట్లో మనుషులు ఊపిరి వదులుతూ ఉంటే గోడలు గట్టిపడతాయి. అనసూర్య ప్రతి ఏడూ సున్నమే వేయించేది. అంటే ఆమె వదిలిన ఊపిరి కొంత ఈ గోడల్లోనే ఉంది.

ఇట్లాంటివి రాయకూడదు.

మార్చి 28

నూనె మీద సున్నం నిలవదు. పడమటి గోడ కుంకుడురసంతో కడిగాను. వెంటనే పోలేదు. మళ్లీ కడిగాను. పోయింది.

ఆ నీళ్లు పారబోయలేదు. సాయంత్రం అక్క పారబోసింది.

మార్చి 30

నాలుగు గోడలకూ రెండో పూత. నల్లచొక్కా వేసుకొని గోడకు వీపు రుద్దాను. చొక్కా నల్లగానే ఉంది. మళ్లీ రుద్దాను. లోపలి గదిలో ఫ్యాను మధ్యాహ్నమంతా తిప్పాను. ఏమీ లేవలేదు.

ఏప్రిల్ 1

సంధ్యారాణి ఫోను చేసింది. ఇవాళ్టి తారీఖు చూసి నమ్మవేమో, నిజంగానే చెప్తున్నా అని మొదలుపెట్టింది.

“నీ బిడ్డ అన్నం ముడుతలేదు అన్నా. పుట్టింటికి పోతనని ఒక్కటే మంకు. మల్ల సున్నమేసినవట గదా, సారక్క జెప్పింది. పట్టిందా?”

“పట్టింది చెల్లె.”

“ఆ రోజు సుత గట్లనే అనుకుంటివి.”

“ఇప్పుడు రుద్ది చూసిన.”

నవ్వింది. “పదో తారీఖు మంచిగున్నది. వచ్చి తోల్కపో. నేను సుత వారానికోపారి వచ్చి సూస్త.”

హర్షిణి ఫోను లాక్కుంది. ముందుగదిలో ఏమీ మార్చలేదు కదా అని అడిగింది. గోడ కడిగానన్నాను. తరువాత, “అవునా. సరే. కడగాలె గదా” అన్నది.

ఏప్రిల్ 2

ఇల్లు బాగుంది. గదిలో మంచం కిటికీకి దూరంగా వేశాను. ఉయ్యాల కొక్కెం గట్టిగా ఉందో లేదో వేలాడి చూశాను.

పొద్దున తుడిచిన కిటికీ గట్టు సాయంత్రానికి నల్లబడింది. ఈరోజు గాలి ఓపెన్‌కాస్ట్ గని వైపు నుంచి వచ్చింది. లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 3

లోపలి గది కిటికీ గట్టు మీద తడిపిన తెల్లగుడ్డ పరిచిన పళ్లెం పెట్టాను. పనిలో కొలిచే పరికరం లేకపోయినా కంటికి తెలుస్తుంది. మధ్యాహ్నం బ్లాస్టింగు జరిగింది. తలుపులు అదిరాయి. సాయంత్రం గుడ్డ బూడిదరంగు.

ఒక్కరోజును బట్టి చెప్పలేము.

ఏప్రిల్ 4

కిటికీ మూసి పెట్టాను. బూడిదరంగే. కాస్త తక్కువ.

వీరేందర్‌ను వాళ్ల గది కిటికీలో కూడా అట్లాగే ఒక పళ్లెం పెట్టమన్నాను. ఎందుకు మామా అన్నాడు. ఊరికే అన్నాను. వాళ్ల ఇల్లు నస్పూర్‌లో చివరన, మామిడితోట వైపు ఉంటుంది.

ఏప్రిల్ 5

వీరేందర్ ఫోటో పంపాడు. గుడ్డ తెల్లగానే ఉంది. ఒక ఎండిన మామిడిపూత రేకు పడి ఉంది.

నాది నల్లగా ఉంది.

గనిలో ఇట్లాంటిది చూస్తే అక్కడ మనుషులను పెట్టవద్దని రాసి సంతకం చేస్తాను. రెండోసారి ఆలోచించను.

ఏప్రిల్ 6

పొద్దున తుడిచాను. మధ్యాహ్నం తుడిచాను. సాయంత్రం తుడిచాను. రోజుకు నాలుగుసార్లు తుడిస్తే చాలేమో. డ్యూటీ ఉన్న రోజుల్లో అక్కను పిలవాలి. తలుపు సందులకు తడిబట్టలు కట్టాలి. ఫ్యాను తక్కువలో పెట్టాలి.

అనసూర్య ఇవన్నీ చేసింది.

ఏప్రిల్ 7

ఫోను చేశాను.

“బిడ్డా, రావద్దు.”

“ఏందీ?”

“ఇంటికి రావద్దు. అక్కడనే ఉండు. ఇక్కడి గాలి నీకు పడదు.”

“సున్నం పట్టిందంటివి. కడిగినంటివి.”

“కడిగిన. కడిగింది సాయంత్రం దాక ఉంటలేదు.”

“అమ్మ ఉన్నన్ని రోజులు నేను ఆ ఇంట్ల పెరగలేదా?”

పెరిగింది. చిన్నప్పుడు దమ్ము లేచిన రాత్రిళ్లు పక్కన ఎవరు కూర్చునేవారో తనకు గుర్తుండదు. చెప్పలేదు.

“అమ్మ ఉంటె రమ్మనేది బాపూ.”

“రమ్మనేది.”

“నువ్వు వద్దంటున్నవు.”

“వద్దంటున్న.”

పెట్టేసింది. చాలాసేపు ఫోను చెవి దగ్గరే పట్టుకొని ఉన్నాను. అత్తగారు వద్దన్నందుకు ఆమె మీద ఎంత కోపం తెచ్చుకున్నానో గుర్తుకొచ్చింది. ఆమె అన్న మాటే నేనూ అన్నాను.

ఏప్రిల్ 8

హర్షిణి ఫోను ఎత్తడం లేదు. ఏడుస్తోందట. ఏడిస్తే దమ్ము వస్తుందని వీరేందర్ భయం.

ఆలోచించి సంధ్యారాణికి ఫోను చేశాను. హర్షిణిని ఇక్కడికి తేవడం కుదరదు, నేనే అక్కడికి వస్తానన్నాను. పురుడు అయ్యేదాకా.

“చుట్టం సూపుకా?”

“కాదు చెల్లె. ఆమె పండుకునే అర్ర పొద్దున, సాయంత్రం నేను తుడుస్త. కుంకుడురసం నేనే చేసుకొస్త. రాత్రి దమ్ము లేస్తె కూసుంట. మీ వాకిట్ల మంచమేసుకొని పండుకుంట.”

సంధ్యారాణి అన్నది: “ఏ ఊళ్లనన్న తల్లిగారిల్లు నడిచి వస్తదా అన్నా?”

“వస్తది అనుకో.”

“నేను నీకు అన్నం వెట్టాలె మరి. తింటవా? కాన్పు గాకముందు బిడ్డ ఇంట్ల మీరు నీళ్లు సుత ముట్టరు గదా. లగ్గం అయినప్పటి సంది మా ఇంట్ల చాయ్ తాగనోనివి.”

“తింట.”

“గట్లయితె రా.”

అక్క మాత్రం ఒప్పుకోలేదు. ఫోనులోనే అరిచింది. “వియ్యాలోల్ల ఇంట్ల మగోడు, పిల్ల తండ్రి, పొర్క వట్టుడా! నలుగురు నవ్వరా తమ్మీ?”

“నవ్వనీ అక్కా. దుమ్ము లేవకుంట నవ్వమను.”

తిట్టింది. తిట్టి, పత్యానికి శొంఠి, వాము తను దంచి పంపిస్తానన్నది. నీకు దంచరాదు, గింజలు తియ్యకుంటనే ఉడకవెడ్తవు అన్నది.

ఏప్రిల్ 9

సెలవు మంజూరైంది. సీసాలో కుంకుడురసం వడకట్టి పోశాను. మెత్తటి గుడ్డలు ఉతికి ఆరవేశాను.

ఈ ఇల్లు ఒకసారి చూసుకున్నాను. గోడలు తెల్లగా ఉన్నాయి. ఎక్కడా మరక లేదు. నేను లేకపోతే వారంలో నల్లబడుతుంది. నెలకు గీత గీస్తే కనపడుతుంది. ఇంత పని ఎవరి కోసం చేశానో వాళ్లు ఇందులో పడుకోరు. అది అట్లాగే కానీ.

హర్షిణి ఇంకా మాట్లాడలేదు. రేపు కూడా మాట్లాడదేమో.

రేపు పొద్దున మొదటి బస్సుకు నస్పూర్ పోతాను. సంధ్యారాణి ఇచ్చే చాయ్ తాగుతాను. తరువాత హర్షిణిని వాకిట్లో నీడకు కూర్చోమని, ఆమె గదిలో కిటికీ రెక్కలు ముందు తడిపి, అప్పుడు తుడుస్తాను.